తడవని వాక్యం

పిల్లల్ని బడి బస్సెక్కించి, టిఫిన్ డబ్బాల మూతలు సరిగ్గా పడ్డాయో లేదోనని బస్సు కనుమరుగయ్యాక కూడా బెంగపడుతూ, అనంతలక్ష్మి ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డులోని అనువాదాల ఆఫీసుకి వచ్చేది. అప్పటికే అటెండర్ బుచ్చన్న బల్లల కింద పాత తువ్వాళ్ళు పరిచి ఉంచేవాడు. అనువాదం నిజంగా కుదిరితే, పైకి చదవగానే ఆ భాష పుట్టిన చోటి వాతావరణం గదిలోకొస్తుంది. మలయాళం పనులున్న రోజు బకెట్లు చాలవు.

"ఇయ్యాల ఏ బాసమ్మా?"

"ఐరిష్, బుచ్చన్నా. ఐర్లాండ్‌లో ఏడాదంతా వానేనట."

"అయితే ఇంకో బకెట్ తెస్త."

ఇక్కడ ఇంజనీరుగా ఉన్న కొడుకుని చూడ్డానికొచ్చిన ఒక పెద్దావిడకి మెదడులో నరం చిట్లింది. దాంతో ఇంగ్లీషు పూర్తిగా పోయి, చిన్ననాటి ఐరిష్ ఒక్కటే మిగిలింది. కొడుక్కి ఆ భాష రాదు. ఎవరేం చెబుతున్నారో అర్థంకాక ఆవిడ పెదవులు బిగించుకుని పడుకుంది. ఆవిడ ఒప్పుకోందే డాక్టరు తల తెరవనన్నాడు.

ఆపరేషన్ అంగీకార పత్రాన్ని ఆవిడ భాషలో రాయడానికి వైద్యమూ ఐరిషూ రెండూ తెలిసినవాళ్ళు కావాలి. ఒకాయన పంపింది చదివితే చుక్క రాలలేదు. ఓ ప్రొఫెసరుది చదివితే కమ్మని తుంపర మొదలై, రక్తనాళాల దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. చివరికి ఐర్లాండ్‌లోనే, మెదడు జబ్బుల వార్డులో పనిచేసి రిటైరైన నర్సు దొరికింది. ఆవిడ రాసింది చదువుతుంటే ఆఫీసంతా ఏటవాలు వాన. ఒక్క వాక్యం దగ్గర మాత్రం టక్కున ఆగి, మళ్ళీ అందుకుంది.

"మొత్తం తడిసింది గదా మేడమ్! ఒక్క లైనుకి ఏం పంచాయితీ? యల్లా, జల్ది పంపియ్యుండ్రి," అన్నాడు మేనేజర్ జహాంగీర్, ఫైలు నెత్తిన పెట్టుకుని.

"ఆ ఒక్కటే పెద్దావిడ వినాల్సిందేమోనండీ," అని అనంతలక్ష్మి నర్సుకి ఫోన్ చేసింది.

ఏ వాక్యమో చెప్పగానే నర్సు గుర్తుపట్టింది. "మాట శాశ్వతంగా పోవచ్చు అని ఉందమ్మా అక్కడ. ఆ వయసు మనిషికి ఎలా చెప్పను? కొంచెం ఇబ్బంది అని రాశాను."

"నేనూ మా పిల్లలకి అలాగే చెబుతుంటానండీ. కానీ ఇది ఆవిడ ప్రాణం. ఆవిడకే తెలియకపోతే ఎలా?"

నర్సు ఆ వాక్యం మార్చింది. సాయంత్రం ఫోన్లో తనే పెద్దావిడకి చదివి వినిపించింది. ఆసుపత్రి మంచం మీద వాన మొదలైంది. డాక్టరు కాగితాలు కోటు లోపల దాచుకున్నాడు. ఆ వాక్యం దగ్గర వడగళ్ళు పడి తెల్లటి దుప్పటి మీద దొర్లాయి. సముద్రపు ఉప్పువాసన గదంతా నిండింది. తలుపు దగ్గర నిలబడ్డ అనంతలక్ష్మి కాళ్ళ దగ్గరికి దొర్లొచ్చిన వడగల్లు ఏరింది.

పెద్దావిడ పెదవులు విడివడ్డాయి. "కోయండి. కానీ రేపు. ఇవాళ నా కొడుకుతో మాట్లాడాలి."

ఆ రాత్రంతా ఆవిడ చెబుతూనే ఉంది. నర్సు ఫోన్లోనే ఇంగ్లీషులోకి మార్చి చెబుతుంటే కొడుకు విన్నాడు. అతను ఉయ్యాల్లో ఉన్నప్పటి ముద్దుపేరు, ఆవిడ తండ్రి పడవెక్కుతూ పాడే పాట, ఇన్నాళ్ళూ ఎందుకో చెప్పకుండా ఉండిపోయినవన్నీ.

ఆపరేషన్ బాగా జరిగింది. ప్రాణం నిలిచింది. మాట మాత్రం పోయింది.

కొన్నాళ్ళకి అనంతలక్ష్మి చూడ్డానికి వెళ్ళింది. కొడుకు తల్లి చెయ్యి పట్టుకుని, ఆ రాత్రి విన్న పాటని వచ్చీరాని ఐరిష్‌లో ఆవిడకే పాడుతున్నాడు. ఆవిడ కళ్ళు మూసుకుని వింటోంది. బయట ఎర్రటి ఎండ. కిటికీ అద్దం లోపలివైపు చెమ్మగిల్లి, ఒక చుక్క జారింది.

అనంతలక్ష్మి దాన్ని కొంగుతో తుడవబోయి, ఆగిపోయింది.