నాలుగెకరాల గీత

పనికి నడిచొస్తే దూరాన్ని బట్టి పాయింట్లుగా ఆకులిచ్చే యాప్ ఒకటి మా ఫోన్లలో వేశారు. పేరు 'హసిరు దారి', కన్నడంలో పచ్చని దారి అని. వల్లూరులో సోలార్ పలకలు కడిగే పదిహేనుమంది ఆడవాళ్లం మేము. మా ఇళ్లకు కంచె అవతలే పని, కానీ గేటు నుంచి పోవాలంటే చుట్టూ తిరిగి నాలుగు కిలోమీటర్లు. అందుకే ఇన్నాళ్లూ మగవాళ్ల బైకుల వెనక ఇద్దరేసి వేలాడుతూ వచ్చేవాళ్లం. నెలాఖరుకు ఎవరికి ఎక్కువ ఆకులుంటే వాళ్లు జట్టు కోసం ఒక కోరిక అడగొచ్చన్నారు. నేను అడగబోయేది అందరికీ తెలుసు. మా ఇళ్ల వైపు కంచెకు ఒక చిన్న గేటు. దానికోసం నెలంతా కాళ్లరిగేలా నడిచాను.

మొదటి స్థానం నాదే. అయినా సూపర్‌వైజర్ నారప్ప ఆఫీసుకు పిలిచి అందరి ముందూ కడిగేశాడు.

"అందరికీ నాలుగు కిలోమీటర్లయితే నీకు నాలుగున్నర ఎట్ల వస్తాది పుష్పావతమ్మా? మోసం చేసినావు."

నాకు ఒళ్లు మండింది.

"మోసం చేసే మొహమా ఇది? గేటు దాటినాక మా చేను గట్టు తిరిగి, ఆ తర్వాతే కదప్పా 'చేరినాను' అని నొక్కేది."

"నీ చేను యాడుండాది ఈడ?"

నిజమే. సోలార్ కంపెనీకి లీజుకిచ్చిన ఆ నాలుగెకరాల్లో ఇప్పుడు గట్టూ లేదు, వేరుశనగా లేదు. అన్నీ పలకలే. కానీ మా అత్త మారక్క నేర్పిన పద్ధతి అది. పొద్దున్నే గట్టు చుట్టి వస్తేనే పనికి చేరినట్టు. యాప్‌కు ఆ సంగతి తెలియదని నాకు తోచనే లేదు. నా తెలివి తెల్లారినట్టే ఉంది. అందరి గేటూ చేజేతులా పోగొట్టానని ఏడుపొచ్చింది.

యాప్ చూసుకునే ఇంజనీరు అమరనాథ్ తన ఫోన్‌లో నా దారి గీత చూస్తున్నాడు. నెలంతా ఒకే చుట్టు.

"ఈ మూల మాత్రం వంకరగా ఉండాదే, ఏందమ్మా?"

"ఆడ పెద్ద బండ ఉండె సార్. నాగలి తిరిగేది కాదు."

అతను ఆ మూలను వేళ్లతో పెద్దది చేసి చూశాడు. "ఆ చుట్టుకు ఆకులు తీసేయాల్సిందే. ఇంతకీ ఏమడగాలనుకున్నావు?"

చెప్పాను. పదిహేనుమంది గీతలూ ఒకేసారి తెరిచాడు. అన్నీ ఇళ్ల దగ్గర బయల్దేరి, కంచె చుట్టూ తిరిగి, మళ్లీ ఇళ్ల ఎదురుగానే వచ్చి ఆగాయి. మధ్యలో గోరంత దూరం.

"ఇంత చుట్టు తిప్పించి, బైకులు మానండంటే ఎట్ల నారప్పా?" అన్నాడు.

పై నెలలో గేటు పెట్టారు. ఇప్పుడు నడక పది నిమిషాలే. ఆకులు పిడికెడు కూడా రావు, బైకులు మాత్రం ఇళ్ల ముందే ఉంటున్నాయి. నేను గేటు దాటగానే 'చేరినాను' నొక్కి ఫోన్ బొడ్లో దోపుకుంటాను. ఆ తర్వాతే గట్టు తిరుగుతాను.