ముట్టు మొక్కు

మా ఇంట్లో ఆడవాళ్ల నెలసరి సంగతి మగవాళ్ల చెవిన వేసేవారు కాదు. నా భార్య కనకవ్వ వెనుక రేకుల వసారాలో చాప పరుచుకుంటే నాకు తెలిసేది. ఆ పూట నేనే ఇంత ఉడకేసుకుని డ్యూటీకి పోయేవాణ్ణి. కోడలు జమున వచ్చాక ఆమెకూ అదే చాప, మనవరాలు తిరుమల పెద్దమనిషి అయ్యాక దానికీ అదే. గనిలో దిగి బతికిన మనిషిని. నేల కడుపులో ఏముందో ఇంతో అంతో తెలుసు. ఇంట్లో తిరిగే మనిషి కడుపులో ఏం జరుగుతుందో తెలియదు.

పోయిన ఏడాది తిరుమలకు టీబీ వచ్చింది. ఇంటర్ చదివే పిల్ల. దగ్గీ దగ్గీ ఎండు తుమ్మకొమ్మలా అయింది. మందులు పడ్డాక జ్వరం పోయింది, దగ్గు తగ్గింది. ముట్టు మాత్రం ఆగిపోయింది. నెల తర్వాత నెల గడిచింది, రాలేదు.

కొడుకు షిఫ్టులో ఉండటంతో పిల్లను తీసుకుని దవాఖానకు జమునతో పాటు నేనే పోయాను. డాక్టరమ్మ పిల్లను ఆ సంగతి అడగగానే నేను కుర్చీలోంచి లేచాను.

"ఎటు పోతున్నరు పెద్దాయనా? కూసోండ్రి. పిల్లకు జరమొస్తే మీరే గద తీస్కొచ్చింది. ఇది గూడ వినుండ్రి" అన్నది.

కూర్చున్నాను.

"పరీక్షలన్ని చూసిన. గర్భసంచిల ఏం ఖరాబు లేదు. ఒంట్ల తాకత్ లేనప్పుడు ఒళ్లు ముందుగాల పానం కాపాడుకుంటది, కడమ పనులు ఆపుకుంటది. తాకత్ రాంగనే మల్ల దానంతట అదే మొదలువెడ్తది. వచ్చిన్నాడు నాకు చెప్పుండ్రి. పిల్ల నిజంగ కోలుకున్నదని నాకు గదే రిపోర్టు."

"రాకపోతే మేడం?" అన్నది జమున.

డాక్టరమ్మ పరీక్షల కాగితాలు మడిచి జమున చేతికిచ్చింది. "మంచిగ తినవెట్టుండ్రి. చూద్దాం" అన్నది.

ఆటోలో వస్తుంటే నాకు సమ్మె రోజులు మనసులో మెదిలాయి. ఎంత పెద్ద సమ్మె జరిగినా గనిలో రెండు ఆపరు. గాలి పంపే ఫ్యాను, నీళ్లు తోడే పంపు. అవి ఆగితే గని చస్తుంది. బొగ్గు ఒక్క పెళ్ల పైకి రాకపోయినా ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. ఈ పిల్ల ఒళ్లు కూడా అదే చేసింది. ఊపిరినీ గుండెనూ నడుపుకుంటూ మిగతాది బందు పెట్టింది. మాకైతే మేనేజరు ఉండేవాడు, యూనియన్ ఉండేది, ఫలానాది ఆపండి, ఫలానాది నడపండి అని చెప్పేవాళ్లు. దీనికి ఎవరు చెప్పారు? పక్కన నిద్రపోతున్న పిల్ల పొట్ట మెల్లగా లేస్తూ దిగుతూ ఉంది. ఇల్లు వచ్చేదాకా దానివంకే చూశాను.

కనకవ్వకు చెబితే కాసేపు ఏడ్చింది. తర్వాత కొంగు బిగించి గని మైసమ్మ గద్దె దగ్గరికి నడిచింది. షిఫ్టుకు దిగే ముందు మేమందరం మొక్కే తల్లి ఆమె. వెంట నేనూ పోయాను. అక్కడ దీపం పెట్టే లస్మవ్వ గద్దె ఊడుస్తూ ఉంది.

"తల్లీ, నా పిల్లకు ముట్టు రానియ్యి. వచ్చిన్నాడే, పొద్దు గూకక ముందే, దాని నెత్తిన బోనం వెట్టి నీకాడికి తోల్కొస్త" అని గట్టిగా మొక్కింది కనకవ్వ.

లస్మవ్వ విన్నది. నేనూ విన్నాను. అందులో ఉన్న మెలిక ఒక్కరికీ తట్టలేదు.

ఇంట్లో ఎదురుచూపులు మొదలయ్యాయి. ఇన్నేళ్లూ దాచిన మాట ఇప్పుడు అన్నం దగ్గర కూడా వచ్చేది. కొడుకు డ్యూటీ నుంచి రాగానే జమున మొహం చూసేవాడు, ఆమె తల అడ్డంగా ఊపేది. నేను రోజూ కోడిగుడ్లు తెచ్చేవాణ్ణి. కనకవ్వ పల్లీలూ బెల్లమూ దంచి ముద్దలు చేసేది. "తినలేనవ్వా" అంటే, "తినకుంటె మైసమ్మకు చెప్త" అని బెదిరించేది. పిల్ల బుగ్గలకు మెల్లగా కండ పట్టింది. అయినా అది మాత్రం రాలేదు.

వానలు పడ్డ తర్వాత ఒక మధ్యాహ్నం నేను ముందు గదిలో రేడియో వింటున్నాను. తిరుమల వచ్చి ఎదురుగా నిలబడ్డది.

"తాతా, వచ్చింది."

ఏమిటని అడగలేదు. నా జన్మలో ఒక ఆడపిల్ల నా మొహం చూస్తూ ఆ మాట చెప్పడం అదే మొదలు. తల దించుకోలేదు, గొంతు తగ్గించలేదు. నేను రేడియో ఆపి లేచి నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో చెప్పలేను. మందులు కాదు, మేము కాదు, లోపల ఎక్కడో ఆగిన పని తన పొద్దు తాను చూసుకుని మళ్లీ మొదలైంది.

జమున ఏడుస్తూ నవ్వింది, డాక్టరమ్మకు ఫోన్ చేసింది. కనకవ్వ చప్పట్లు కొట్టి, కొత్త కుండ దించి, పసుపు పూయబోయి ఆగిపోయింది. చేతిలో పసుపు అట్లాగే ఉంది.

"అయ్యో! ముట్టుల ఉన్న పిల్ల బోనమెట్ల ఎత్తుకుంటదయ్యా?"

అప్పుడు తెలిసింది మాకు. పిల్ల ఈ రోజు బోనం ముట్టరాదు. ఈ రోజు ఎత్తకపోతే మొక్కు తప్పుతుంది. ఏది తప్పినా జబ్బు తిరగబెడుతుందని కనకవ్వ భయం.

సంగతి తెలిసి లస్మవ్వ వచ్చింది.

"మొక్కేటప్పుడు మతి యాడ వెట్టినవే కనకవ్వా? తానం చేసినంక తెస్తనంటె అయిపోవు!"

"నువ్వు పక్కనే ఉంటివి గదా వదినె, చెప్పకపోతివి?"

"నాకు గూడ తోస్తెనా!"

"తల్లికి దండం వెట్టి నా ఆపతి చెప్పుకుంట..."

"ఇచ్చిన మాటకు ఆపతేంది? ఆమె ఊకుంటదా?"

తిరుమల తలుపు దగ్గర నిలబడి వింటోంది. "అవ్వా, తల్లిని ఏమడిగినవ్?" అన్నది.

"నీకు రావాలెనని."

"ఇచ్చిందా?"

"ఇచ్చింది బిడ్డా."

"మరి ఆమె ఇచ్చిందాన్ని ఆమెకే సూపియ్యకుంట దాస్తమా?"

కనకవ్వ నావైపు చూసింది. నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాదు. "ఆమె గూడ ఆడదే గద. జల్ది వండు, పొద్దు వోతంది" అన్నాను.

కనకవ్వ కుండకు పసుపు పూసింది, బియ్యం కడిగింది.

వేపాకు చుట్టిన కుండ తన చేతులతోనే తిరుమల నెత్తిన పెట్టింది కనకవ్వ. కుండ మీద దీపం వెలుగుతోంది. పిల్ల మెడ నిటారుగా పెట్టి నడిచింది. ఆనాడు ఆటోలో ఒరిగిపోయిన మెడ అది. షిఫ్టు దిగి వస్తున్నవాళ్లు బోనాన్ని చూసి బండ్లు ఆపారు. కొందరు చెప్పులు విడిచి దండం పెట్టారు. వాళ్లు ఏ నెత్తురుకు మొక్కుతున్నారో వాళ్లకు తెలియదు. నాకు తెలుసు. ఈ దారిన వచ్చే ప్రతి మనిషీ ఆ నెత్తురులోంచే పుట్టాడు గదా అనిపించింది.

గద్దె ముందు లస్మవ్వ నీళ్ల చెంబుతో నిలబడి ఉంది. బోనం తెచ్చిన మనిషి కాళ్లకు నీళ్లు పోసి మొక్కడం మా దగ్గర ఆనవాయితీ. ఆమె పొయ్యలేదు, పక్కకు జరగలేదు. పొద్దు చెట్ల కిందికి దిగుతోంది. కనకవ్వ ముందుకు వచ్చి చెంబు అందుకుంది. ముట్టు మనిషి నీడ పడితే తానం చేసే మనిషి, మనవరాలి కాళ్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని నీళ్లు పోసి, ఆ తడి తన కళ్లకు అద్దుకుంది. నేను తలగుడ్డ తీసేశాను.

"తప్పయితె నాది గాదు తల్లీ, వీళ్లది" అని గొణుగుతూ లస్మవ్వ పిల్ల నుదుట బొట్టు పెట్టింది.

బోనం దించాక తిరుమల నడుం పట్టుకుని అరుగు మీద కూర్చుంది. "అవ్వా, కడుపు నొస్తంది. ఆకలి గూడ అయితంది."

కనకవ్వ కుండలోంచి బెల్లం అన్నం ముద్ద చేసి దాని నోట్లో పెట్టింది. అది నమిలి మింగి, ఇంకొకటికి నోరు తెరిచింది. కనకవ్వ చెయ్యి కడుక్కోలేదు. అదే చేత్తో తానూ తిన్నది, నాకూ పెట్టింది.

లస్మవ్వ మమ్మల్ని చూస్తూ దగ్గరికి వచ్చింది. తర్వాత అరచెయ్యి చాపింది.

"నాకు వెట్టవా ఏందే?"