పది గంటల మాత్ర

మంగళవారం ఉదయం పది గంటలకు నేను వేసుకోవాల్సిన మార్ఫిన్ మాత్ర డబ్బాలో లేదు. మాత్రల పట్టీలు మిగిలిన రెండూ లేవు.

అప్పటికి నేను రేపల్లెలో మా వంటింట్లో కుర్చీలో కూర్చుని ముప్ఫై మందికి పులిహోర కలుపుతున్నాను. బాపట్ల నుంచి వచ్చిన మా వదిన నిర్మల అన్నం వార్చి, బేసిన్ నా ముందు పెట్టింది. "నీ చేత్తో కలిపితేనే సాక్ష్యం, స్వర్ణా" అంది. పదకొండింటికి మా ఇంట్లో కృతజ్ఞత కూడిక. నాకు స్వస్థత కలిగినందుకు.

నాకు స్వస్థత కలగలేదు. కాలేయంలో మొదలైన క్యాన్సరు కడుపంతా పాకింది. ఇక వైద్యం లేదని డాక్టరు గారు మా ఆయన సంజీవరావుకి ఆసుపత్రి వరండాలో చెప్పారు, నన్ను లోపల బల్ల మీద కూర్చోబెట్టి. నాకు చెప్పింది షారోన్. తెనాలి నుంచి శుక్రవారం ఇంటికొచ్చిన నర్సు. ఉన్నన్నాళ్లూ నొప్పి లేకుండా చూడడం తన పని. "నాలుగ్గంటలకోసారి అక్కా. నొప్పి వచ్చాక కాదు, రాకముందే" అని టైములు రాసి ఫ్రిజ్‌కి అంటించి వెళ్లింది.

ఆ తర్వాత రెండు రాత్రులు నేను నిద్రపోయాను. ఇడ్లీ తిన్నాను. ఆదివారం చర్చిలో సాక్ష్యాల సమయానికి మా ఆయన లేచారు. ఆయన సంఘ పెద్ద. "రెండు నెలలుగా కన్నుమూయని మనిషి పడుకుంది. దేవుడు నా భార్యను ముట్టాడు" అన్నారు. నమ్మే అన్నారు. ఆడవాళ్ల వైపు కూర్చున్న నన్ను చూసి అందరూ హల్లెలూయ అన్నారు. అది మాత్రల వల్ల అని నేను అనలేదు. ఇరవయ్యారేళ్లలో ఆయన మాట్లాడుతుంటే నేను అడ్డు మాట్లాడింది లేదు.

పదీ ఇరవైకి కుడి పక్కటెముకల కింద నొప్పి మొదలైంది. అక్కణ్ణుంచి వీపులోకి, భుజంలోకి పోతుంది. పదకొండున్నరకి ఎంతవుతుందో నాకు తెలుసు. చావంటే భయమో కాదో నాకింకా తేలలేదు. పదకొండున్నరంటే భయం. షారోన్ రాకముందు ఒకరోజు స్నానాల గదిలో గోడకేసి తల కొట్టుకున్నాను. నాలో ఆ మనిషిని మళ్లీ చూడలేను.

"ఏమండీ, మాత్రలు?"

ఆయన గుమ్మం దాటి లోపలికి రాలేదు. "ఇవాళొక్క పూట ఓర్చుకో. తగ్గిందని నేను చెప్పాక నువ్వు మాత్రలు మింగుతుంటే నన్నేమంటారు?"

"అది మత్తుమందంట కదా" అంది వదిన. "వచ్చినోళ్ల ముందు తూలితే ఏం బావుంటది? ఉప్పు చూశావా?"

చూశానని చెప్పాను.

ఈ ఇంట్లో ఆయన కళ్లజోడు, స్కూటర్ తాళం, ఆధార్ కార్డు వెతికిచ్చేది నేనే. ఆయన ఏదైనా దాచే చోట్లు రెండు. గోడ పట్టుకుని వెళ్లి బీరువాలో చొక్కాల కింద చూశాను. లేవు. రెండోది బైబిలు సంచి జిప్పు అర. సంచి ఆయన చంకలో ఉంది.

పదకొండింటికి జనం వచ్చి చాపల మీద కూర్చున్నారు. ఒక పాట అయింది. పాస్టర్ గారి భార్య రాజమ్మ గారు నా వైపు తిరిగారు. "దేవుడు చేసిన మేలు నీ నోటితో చెప్పమ్మా" అన్నారు. నొప్పి అప్పటికి భుజంలో ఉంది. నోరు తెరిస్తే అరుపు వస్తుందేమోనని పళ్లు బిగించి ఆయన వైపు చెయ్యి చాపాను.

"ఆ సంచి ఇటివ్వండి."

వచనం చదువుతాననుకుని ఆయనే తెచ్చిచ్చారు. జిప్పు తీశాను. పట్టీలు ఉన్నాయి.

"నాకు తగ్గలేదండి. తగ్గదు. నేను పడుకున్నది వీటివల్ల."

"తమ్ముడి పరువు తీశావు కదే" అంది వదిన. ఆయన చాప వైపు చూస్తున్నారు.

"నీళ్లు" అన్నాను.

రాజమ్మ గారు లేచి వంటింట్లోకి వెళ్లి గ్లాసు తెచ్చారు. పదకొండూ పన్నెండుకి మాత్ర వేసుకున్నాను. పని చెయ్యడానికి అరగంట పడుతుంది. పట్టీలు కొంగున ముడేసుకున్నాను. తర్వాతది మూడూ పన్నెండుకి.