సైకిలక్క మొగుడు

ఆటో ముందద్దం తుడిచేశాడు. గుడ్డ పిండి, లోపలి అద్దం దగ్గర కాస్త ఆగాడు. ఆ చిన్న అద్దాన్ని రెండు వేళ్ళతో కదలకుండా పట్టుకుని తుడవాలి. అది రోడ్డును చూపించదు, వెనక సీటులో ఎడమ మూలను చూపిస్తుంది. పెళ్ళయిన కొత్తలో అలా తిప్పి పెట్టుకున్నాడు. ఆ మూలలోనే భార్య కూర్చునేది.

"వెనక లారీ వస్తే కనపడదు గానీ, పెళ్ళాం వస్తే కనపడుద్ది బావా నీకు!" అని స్టాండులో ఏడిపించేవారు. అతను ముసిముసిగా నవ్వుకునేవాడు. ఆమె ఎక్కి, సంచి ఒళ్ళో పెట్టుకుని, "పోనీ" అనేది. ఆ మాట చెవిన పడితేనే బండి కదిలేది.

గుమ్మం దగ్గర సైకిల్ బెల్లు మోగింది. భార్య చిన్నపిల్లలా రెండుసార్లు కొట్టింది.

"ఏమయ్యా, ఇవాళైనా నడకకి వస్తావా? ఆ మలుపు దాకానే. నేనూ సైకిలెక్కనులే, నీ పక్కనే తోసుకుంటూ వస్తా."

"నాకు కాళ్ళు నొప్పులు."

"నేల మీద పెట్టని కాళ్ళకి నొప్పులెక్కడివయ్యా!"

నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. గుడ్డను బకెట్లో విసిరికొట్టాడు. నీళ్ళు అతని మొహానే చిందాయి.

ఇదంతా డాక్టరమ్మ పెట్టిన చిచ్చు. మోకాళ్ళ నొప్పులని ఆమెను తనే ఆటోలో ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ చీటీ మీద మందు రాయలేదు. నడక రాసింది, నెల పోయాక సైకిల్ రాసింది. ఆసుపత్రి వెనక షెడ్డులో సైకిళ్ళు పెట్టించారు, చీటీ చూపిస్తే ఇస్తారు. నడక అని రాయడానికి సిరా చుక్క చాలు. నడవడానికి రోడ్డు ఎవరు రాసిస్తారు? ఫుట్‌పాత్ మీద కార్లు కాళ్ళు చాపుకుని పడుకుంటాయి. కాలవల మీద మూతలుండవు. అందుకే నడక చీటీలున్న ఆడవాళ్ళంతా గుంపు కట్టి రోడ్డు మధ్యలోనే నడిచారు. వెనక కారువాడు హారన్ మోగిస్తే, "నువ్వు అరిస్తే మా మోకాళ్ళు బాగవుతాయా?" అని అడ్డంగా నిలబడింది అతని భార్యేనట. అదీ స్టాండులో వాళ్ళు చెబితేనే తెలిసింది. ఆమెకు అంత గొంతు ఉందని ఇన్నేళ్ళ కాపురంలో అతనికి తెలియదు. తనకు తెలియని గొంతును ఊరంతా విన్నది. సైకిల్ నేర్చుకుంటూ పడి, మోచెయ్యి గీరుకుపోయి ఇంటికొచ్చిన రోజు కూడా పడీ పడీ నవ్వింది. పడినందుకు కాదు, నవ్వినందుకు అతనికి ఒళ్ళు మండింది.

మగాడికి సవతి ఉండదు. ఆ మాటే లేదు. ఉంటే ఆ సైకిల్‌కు పెట్టేవాడు.

ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజే డాక్టరమ్మ అతని చెయ్యి కూడా పట్టుకుని చూసింది. "మీ గుండె మీ ఆటో కన్నా పాతబడింది. ఇలాగే కూర్చుంటే ఆగిపోతుంది. మీరూ నడవాలి."

"అందరూ నడిస్తే నా ఆటో ఎవరెక్కుతారమ్మా?"

"ముందు మీరు దిగండి."

దిగలేదు.

స్టాండులో పొద్దెక్కినా బేరం తగల్లేదు. దగ్గర దూరాలవాళ్ళు "డాక్టరమ్మ నడవమంది" అని పళ్ళికిలించి పోతున్నారు. చివరికి ఒకావిడ బుట్టతో ఎక్కి, అతన్ని ఎగాదిగా చూసింది.

"నువ్వు సైకిలక్క మొగుడివి కదూ?"

నిన్నమొన్నటి దాకా తన పెళ్ళాన్నే ఆటో ఆయన భార్య అనేవారు. బండి కదిలించాడు. ఛాతీలో సన్నగా మంట మొదలైంది. కడుపుమంట పైకి ఎక్కిందనుకున్నాడు. తనది ఎంత కుళ్ళుబుద్ధో తనకు తెలుసు. ఇది తగిన శాస్తే అనుకుని అరచేత్తో రుద్దుకున్నాడు.

మధ్యాహ్నం కూడలిలో బళ్ళు ఇరుక్కుపోయాయి. ఇంజను ఆపి, అలవాటుగా అద్దంలోకి చూశాడు. ఖాళీ మూల. ఉన్నట్టుండి ఆ మూలలోకి భార్య మొహం వచ్చింది, సరిగ్గా పాత చోటే. చెమట పట్టి, ఎర్రబడి, ఏదో కూనిరాగం తీస్తోంది. మరుక్షణం అద్దంలోంచి జారిపోయింది. ఎడమ పక్కనుంచి సైకిల్ మీద దాటిపోతోంది. అతన్ని చూడలేదు. ఇరుక్కున్న బళ్ళన్నీ అక్కడే ఉన్నాయి, ఆమె ఒక్కతే పోయింది.

మంట ఎడమ భుజానికి పాకింది. కుళ్ళుకు ఇంత బలం ఉంటుందా అని తనలో తనే వెటకారంగా నవ్వుకున్నాడు. పక్క ఆటో అతను కేకేశాడు.

"ఏంది మామా, మొహం అట్టా పాలిపోయింది?"

"ఏం లేదురా. ఇంట్లో గొడవ."

పొద్దు వాలేవేళకు ఖాళీ బండితోనే ఆసుపత్రి గేటు దగ్గరికొచ్చి ఆపాడు. సైకిళ్ళు తిరిగొచ్చే వేళ అది. పోట్లాడదామని వచ్చాడు. కూర్చోగా కూర్చోగా పోట్లాటకు మాటలు దొరకలేదు. ఆమె మళ్ళీ అడిగితే మలుపు దాకా వెళ్దాం, అంతకు మించి కాదు అనుకున్నాడు. అడగాలి కదా మరి. తనంతట తను అడగడు. చెయ్యి హ్యాండిల్ మీద ఉంచి, అద్దంలోకి చూస్తూ కూర్చున్నాడు.

ఆడవాళ్ళు గలగలా మాట్లాడుకుంటూ వచ్చారు. భార్య ఆటోను గుర్తుపట్టి బెల్లు కొట్టింది. అతను తిరగలేదు. ఇంకోసారి కొట్టింది.

"అలిగాడే మీ ఆయన!" అన్నారెవరో.

"అలకే. పొద్దున్న నుంచీ ఉంది." ఆమె సైకిల్‌ను గోడకు ఆనించింది. "ఇవాళ్టికి ఆయన బండే ఎక్కుతాలే. రేపు ఎలాగైనా దింపుతా."

ఎక్కి, ఎడమ మూలలో సర్దుకుని కూర్చుంది.

"పోనీ."

బండి కదల్లేదు.

"పోనీవయ్యా, ఇంకా ఎంతసేపు అలుగుతావు?" అని తలెత్తింది. అద్దంలో అతని కళ్ళు ఆమెనే చూస్తున్నాయి. ఎంతసేపటికీ రెప్ప పడలేదు.

ఎవరో లోపలికి పరుగెత్తి డాక్టరమ్మను పిలుచుకొచ్చారు. ఆమె అతని చెయ్యి పట్టుకుని, కాసేపటికి మెల్లగా ఒళ్ళో పెట్టేసింది. ఈసారి ఏమీ రాయలేదు.

ఆటో నడపడం ఆ ఆడవాళ్ళలో ఎవరికీ రాదు. చీకటి పడకముందే అతన్ని వెనక సీటులో పడుకోబెట్టి, అందరూ తలో చెయ్యీ వేసి, రోడ్డు మధ్యలోంచే, ఆ మలుపు మీదుగా ఇంటిదాకా తోసుకొచ్చారు. వెనక ఒక్కడూ హారన్ కొట్టలేదు. గుమ్మం పక్కన నిలిపి, అతన్ని ఇంట్లోకి మోసుకెళ్ళారు.

ఖాళీ ఆటోలో ఆ చిన్న అద్దం ఇంకా ఎడమ మూలనే చూస్తోంది.