పాతికేళ్ళకని దాచిన సీసా

రెస్టారెంటులో అయితే అరవడు కదా అని నేనే మా ఆయన రెజాన్‌ని ఇక్కడికి రమ్మన్నాను. డ్యులూత్ వీధి మలుపులో ఉన్న ఫ్రెంచి రెస్టారెంటు ఇది. బల్లలు ఎంత దగ్గరగా వేస్తారంటే, గట్టిగా తుమ్మితే పక్కవాళ్ళు కూడా ఉలిక్కిపడతారు. ఇంట్లో చెప్పాలని చలికాలమంతా చూశాను, నా వల్ల కాలేదు. ఇక ఇవాళ ఏమైతే అయిందని తెగించాను. చెప్పాల్సింది ఒక్కటే మాట, అతన్ని వదిలి వెళ్ళిపోతున్నానని. అద్దె గడువులన్నీ ఒక్కసారే తీరి, జూలై ఒకటిన మాంట్రియల్‌లో సగం ఊరు ఇళ్ళు మారుతుంది. ఆ రోజు నుంచి నాకొక్కదానికే రోజ్‌మాంట్ పేటలో రెండు గదులు అద్దెకు తీసుకున్నాను, సంతకం కూడా అయిపోయింది.

ఈ వీధి రెస్టారెంట్లలో వైను ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. నేను తెస్తాలే అన్నాడు రెజాన్. తీరా సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టేసరికి నా గుండెల్లో రాయి పడింది. మా పెళ్ళిలో వాళ్ళ నాన్న ఇచ్చిన సీసా అది! పాతికేళ్ళు నిండాక ఇద్దరూ కలిసి తాగండని మా చేతుల్లో పెట్టాడు మహానుభావుడు. దానికింకా మూడేళ్ళుంది.

“ఇదెందుకు తెచ్చావ్?”

“తాగడానికి,” అన్నాడు, మెనూలోంచి తలెత్తకుండా.

ఇంతలో వెయిటర్ అర్మాన్ రానే వచ్చాడు. సీసా చూసి కళ్ళింత చేసుకున్నాడు. “అబ్బో! ఇంత పాత సరుకే! పెళ్ళిరోజా అమ్మా?”

“కాదు.”

“అయితే పుట్టినరోజు.”

“ఊరికే వచ్చామయ్యా బాబూ.”

“ఊరికే వచ్చేవాళ్ళు ఇలాంటిది తెస్తారా? భలేవారే మీరు!” అంటూ వైనుని గాజు జగ్గులోకి వంచి, కాస్త గాలి తగలనివ్వమన్నాడు. పోతూపోతూ ఎక్కణ్ణుంచో ఇంకో కొవ్వొత్తి తెచ్చి మా మధ్య వెలిగించాడు. అసలే మొహం ఎక్కడ దాచుకోవాలో తెలియక నేను చస్తుంటే, మళ్ళీ ఇదొకటి!

ఉల్లిపాయ సూపు వచ్చింది, పోయింది. నేను ముళ్ళ మీద కూర్చున్నట్టే ఉన్నాను. పక్క బల్ల దగ్గర కుర్రజంట ఒకరి నోట్లో ఒకరు పెట్టుకుంటున్నారు. కిటికీ అద్దంలోంచి చూస్తే, మా తర్వాత కూర్చోవాల్సినవాళ్ళు అప్పుడే సీసాలు చంకలో పెట్టుకుని గుమ్మం దగ్గర మూగారు. వాళ్ళని లోపలికి పిలిచేలోగా మేం లేవాలి. ఎప్పుడు చెప్పి చావను?

“రెజాన్, నీకో మాట...”

“బాతు కాలు ఎవరికమ్మా?” అన్నాడు అర్మాన్, రెండు పళ్ళేలతో నెత్తిమీద నిలబడి.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. అర్మాన్ అటు వెళ్ళగానే అనేశాను. “నేను వెళ్ళిపోతున్నాను రెజాన్. జూలైలో. ఒక్కదాన్నే.”

“తెలుసు,” అన్నాడు.

“తెలుసా? ఎవరు చెప్పారు?”

“ఒకళ్ళు చెప్పాలా? అలమరలో నీ పుస్తకాలన్నీ ఓ పక్కకీ, నావన్నీ ఓ పక్కకీ చేరాయి. ఈస్టరు నుంచీ చూస్తూనే ఉన్నా. మూడేళ్ళ తర్వాత నేనొక్కణ్ణే కూర్చుని తాగాలా దీన్ని? అందుకే తెచ్చేశా.”

జాలిపడాల్సింది పోయి నాకు ఒళ్ళు మండిపోయింది. “తెలిసి కూడా ఇన్నాళ్ళూ బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావా?”

“ఏమనమంటావ్ మిరేయ్?”

“వెళ్ళొద్దనాలి! ఒక్కసారి, ఒకే ఒక్కసారి నన్ను అడిగితే నీ సొమ్మేం పోయింది?”

అరవకూడదని తీసుకొచ్చింది అతన్నయితే, అరిచింది నేను. కుర్రజంట తినడం ఆపి మావైపు చూసింది. అర్మాన్ గబగబా వంటింట్లోకి తప్పుకున్నాడు.

రెజాన్ ఫోర్కు కింద పెట్టాడు. మూతి తుడుచుకున్నాడు. అతని కళ్ళు ఎర్రబడ్డాయి.

“వెళ్ళకు మిరేయ్. ఇదిగో, అడుగుతున్నా. ఉండిపో.”

ఏళ్ళ తరబడి ఎదురుచూసిన మాట. అది వింటే గుండె నిండిపోతుందనుకున్నాను. నాలో నేనే వెతుక్కున్నాను. జాలి ఉంది, దిగులుంది, కాస్తో కూస్తో ప్రేమ కూడా ఉంది. ఉండిపోవాలన్న కోరిక మాత్రం ఎక్కడా లేదు.

“ఉండలేను రెజాన్.”

తలాడించాడు. ఇద్దరి గ్లాసుల్లోనూ వైను పోశాడు. కాస్త బల్ల మీద ఒలికితే రుమాలుతో అద్దాడు. అద్దుతూనే అడిగాడు.

“ముందే అడిగుంటే? మీ అమ్మ చనిపోయిన ఏడాదో, ఆ తర్వాతో... అప్పుడు అడిగుంటే ఉండేదానివా?”

ఉండేదాన్నే. ఆ ఏడాది అతను ఒక్క మాట అన్నా ఉండిపోయేదాన్ని. కానీ ఆ సంగతి చెబితే, బతికినన్నాళ్ళూ దాన్నే తలుచుకుని కుమిలిపోతాడు.

“లేదు,” అన్నాను. “అప్పుడైనా వెళ్ళిపోయేదాన్నే.”

“నిజంగానా?”

“నిజంగా.”

అతను బరువు దిగినట్టు నిట్టూర్చాడు. తర్వాత ఫోర్కు తీసుకుని, చల్లారిపోయిన మాంసాన్ని మెల్లగా తినడం మొదలుపెట్టాడు.