ఉపదేశి గారి ప్రాయశ్చిత్తం

కొల్లేటి ఒడ్డున, ఏలూరుకి బస్సులో ముప్పావుగంట దూరంలో ఉన్న ఊరది. అక్కడి కథోలిక గుడికి ఎజ్రా గారు ఉపదేశి. విచారణ గురువు మధుబాబు ఫాదర్ గారికి చుట్టుపక్కల ఊళ్ళన్నీ చూసుకునే పని. ఆయన రాని రోజుల్లో జపాలు చెప్పించేదీ, పిల్లలకి పది ఆజ్ఞలు నేర్పేదీ, పోయినవాళ్ళని సమాధిదాకా పాడుతూ సాగనంపేదీ ఎజ్రా గారే. గొంతు గంభీరం, మనిషి మెత్తన. కోపం వస్తే మాత్రం మాట ముందు నడుస్తుంది, ఆలోచన వెనక వస్తుంది.

ఆయన ఒక్కగానొక్క కొడుకు నెల్సన్ తాడేపల్లిగూడెంలో టీవీలూ సౌండు బాక్సులూ బాగుచేసే షాపులో పనిచేస్తాడు. శనివారం సాయంత్రం ఇంటికొచ్చి, ఆదివారం పూజ అయ్యాక అన్నం తిని, గిటారు వీపున తగిలించుకుని ఐసు ఫ్యాక్టరీకి పోతాడు. రెండేళ్ళ కిందట సర్కారు వాళ్ళు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేశాక ఆ ఫ్యాక్టరీ మూతబడింది. ఓనరు తాళం సత్తిబాబుకిచ్చి వెళ్ళిపోయాడు. సత్తిబాబు పెళ్ళిళ్ళ బ్యాండుమేళంలో డ్రమ్ము వాయించేవాడు. ఏలూరు నుంచి అభినవ్ అనే ఇంజినీరింగ్ కుర్రాడు బేస్ గిటారు పట్టుకుని వస్తాడు. ముగ్గురూ కలిసి వాయించే, నత్తనడకన బరువుగా సాగే ఆ రాక్ సంగీతాన్ని డూమ్ మెటల్ అంటారట.

ఎజ్రా గారు దాన్ని ఒకసారి రోడ్డు మీద నుంచే విన్నారు. కడుపునొప్పితో గేదె మూలుగుతున్నట్టు అనిపించింది. సైకిలు ఎక్కి వచ్చేశారు.

ఆ ఏడు విభూది బుధవారంతో తపస్సుకాలం మొదలయ్యాక, యువజన సంఘం వాళ్ళు ఫాదర్ గారిని ఒక మాట అడిగారు. శుక్రవారం సిలువ మార్గం ప్రార్థన అయ్యాక, గుడి ఆవరణలో నెల్సన్ వాళ్ళు పశ్చాత్తాపం పాట ఒకటి వాయిస్తారని. ఫాదర్ గారు సరేనన్నారు. ఆ సంగతి ఆదివారం పూజ చివర చదివి వినిపించగానే ఎజ్రా గారు లేచి నిలబడ్డారు.

"అది దేవుడి పాట కాదండి. దయ్యాన్ని పొగిడే పాట. నా కొడుకైనా సరే, చెప్పక తప్పదు."

మగవాళ్ళ వైపు చివరి స్తంభం దగ్గర నిలబడ్డ నెల్సన్ తండ్రిని ఒకసారి చూసి, బయటికి నడిచాడు. అన్నానికి రాలేదు. అటునుంచి అటే గూడెం బస్సెక్కేశాడు. శుక్రవారం వాయించాల్సిన పాట ఆగిపోయింది.

మధ్యాహ్నం పుష్పమ్మ భర్తకి వడ్డించి ఎదురుగా కూర్చుంది.

"ఏవండీ, ఆ పాటలో మాటలేంటండీ?"

"ఆ మోతలో మాటలెక్కడ వినబడ్డాయి?"

"మరి దయ్యాన్ని పొగుడుతున్నారని ఎలా తెలిసిందండీ?"

ఎజ్రా గారు మజ్జిగ పొయ్యమన్నారు. ఆవిడ మజ్జిగ పోస్తూ, గొంతు పెంచకుండానే అంది: "ఎనిమిదో ఆజ్ఞ చెప్పేటప్పుడు పిల్లలకి మీరేమంటారు? వినంది విన్నట్టు చెప్పినా అబద్ధ సాక్ష్యమేనని అనరూ?"

ఎజ్రా గారు కంచంలో చెయ్యి కడిగేసుకున్నారు. ఎన్ని వందలమంది పిల్లలచేత ఆ ఆజ్ఞ వల్లె వేయించాడు తను! మూడోనాడు సైకిలు తొక్కుకుంటూ ఫాదర్ గారి దగ్గరికి వెళ్ళి, మోకరించి, తప్పు ఒప్పుకుని పాపసంకీర్తనం చేశారు.

ఫాదర్ గారు అంతా విన్నారు. "మీకు జపమాల చెప్పమంటే ప్రాయశ్చిత్తం అవదండి. అది మీకు రోజూ అలవాటే. వెళ్ళి ఆ పాట మొదటినుంచి చివరిదాకా వినండి. మధ్యలో లేవకూడదు. విన్నాక, ఎవరి ముందు అన్నారో వాళ్ళ ముందే నిజం చెప్పండి."

"ఎంతసేపుంటుందండీ?"

"ఇరవై నిమిషాలన్నారు."

"ఒక్క పాటేనా?"

"ఒక్కటేనండి."

"బదులుగా ఉపవాసం ఉంటానండి ఫాదర్ గారూ."

పాపసంకీర్తనం గది కిటికీ అవతల ఫాదర్ గారు నవ్వు ఆపుకున్న చప్పుడు వినబడింది. ఒప్పుకోలేదు.

ఆ ఆదివారం నెల్సన్ ఇంటికి రాకుండా నేరుగా ఫ్యాక్టరీకే వచ్చాడని తెలిసి, ఎజ్రా గారు అక్కడికి వెళ్ళారు. సత్తిబాబు కంగారుగా లేచి, ఐసు డబ్బా ఒకటి బోర్లించి తువ్వాలుతో తుడిచాడు. "రండి ఉపదేశి గారూ, కూర్చోండి."

నెల్సన్ తలెత్తలేదు. "మీకు నచ్చదు నాన్నగారూ."

"నచ్చుతుందని రాలేదురా. వింటానికొచ్చాను."

మొదటి దెబ్బకి పైరేకుల తుప్పు రాలి ఆయన భుజాల మీద పడింది. గిటారు మోత పక్కటెముకల్లో దూరింది. అది అణిగేదాకా రెండోది రాదు. వచ్చాక అదీ అంతే. లేచిపోదామనుకున్నారు, ప్రాయశ్చిత్తం గుర్తొచ్చి డబ్బా అంచు పట్టుకున్నారు. కాసేపటికి ఆ నడక ఎక్కడో ఎరిగినట్టే అనిపించింది. పవిత్ర శుక్రవారం నాడు పెద్ద సిలువ భుజాన వేసుకుని ఊరు చుట్టేటప్పుడు కాళ్ళు సరిగ్గా ఇలాగే పడతాయి. ఓ అడుగు, ఓ ఆయాసం, మళ్ళీ అడుగు.

అప్పుడు నెల్సన్ పాట అందుకున్నాడు. ఆ లోతు గొంతు ఎజ్రా గారిదే, ఆయన తండ్రిది కూడా.

పాటలో ఒకడు పాపసంకీర్తనం కోసం వరసలో నిలబడి ఉంటాడు. తన వంతు వచ్చినప్పుడల్లా వెనకవాళ్ళతో, మీరు ముందు వెళ్ళండి, అంటాడు. అందరూ వెళ్ళి తేలికపడి వస్తుంటారు. వాడు మాత్రం అక్కడే ఉంటాడు. వాడి చెవిలో ఆసుపత్రి మంచం మీద నుంచి ఓ ముసలమ్మ పిలుస్తూనే ఉంటుంది.

ఎజ్రా గారు ఆ ముసలమ్మని పోల్చుకున్నారు. ముందటేడు క్రిస్మస్‌కి తన తల్లి ఏలూరు ఆసుపత్రిలో పోయింది. మనవణ్ణి అడిగింది. ఆ సాయంత్రం నెల్సన్ విజయవాడలో ఏదో కాలేజీ ఫంక్షన్లో వాయిస్తూ ఫోను ఆపేసుకున్నాడు. అంతా అయిపోయాక వచ్చాడు. ఎవరూ ఒక్క మాట అనలేదు. అప్పటినుంచే వాడు పూజలో సత్ప్రసాదం తీసుకోవడం మానేశాడు. గిటారు వాణ్ణి చెడగొట్టిందనుకున్నాడు తను.

పాట ఆగాక కూడా రేకులు కాసేపు గుయ్యిమంటూనే ఉన్నాయి. సత్తిబాబు అభినవ్‌ని తీసుకుని టీకని బయటికెళ్ళాడు.

"ఒరేయ్, నువ్వు సత్ప్రసాదానికి రానిది ఇందుకా?"

"నాయనమ్మ పిలిచింది కదండీ. నేను ఫోను ఆపేసుకున్నాను."

"పిలిచింది. లేదని అబద్ధం చెప్పను. కానీ నువ్వు పాడినట్టు ఏడుస్తూ కాదురా. వాడు అలిసిపోయి వస్తాడు, ఎవరూ ఏమీ అనకండి అంది." ఆయన భుజాల మీది తుప్పు దులుపుకున్నారు. "నీకు అప్పుడే చెప్పాల్సింది. చెబితే నువ్వు ఏడుస్తావని, నువ్వేడిస్తే నేను ఆగలేనని మానేశాను."

నెల్సన్ గిటారు మీద తల ఆనించుకున్నాడు. ఎజ్రా గారు పక్కకి వెళ్ళి, వాడి వీపు మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డారు.

తర్వాత ఆయనే అడిగారు. "వాడు లోపలికి వెళ్ళడా పాటలో?"

"వెళ్ళడండి. ఆ తర్వాత ఏముంటుందో నాకు తెలీదు."

"తెలిశాకే రాయి" అన్నారు ఎజ్రా గారు.

మరుసటి ఆదివారం పూజ అయ్యాక ఆయన మళ్ళీ లేచారు. "నేను వినని పాట గురించి విన్నట్టు చెప్పానండి. అది అబద్ధ సాక్ష్యం. ఇప్పుడు విన్నాను. అది పాపి పాట. ఈ శుక్రవారం వాయిస్తారు. చెవికి కష్టంగా ఉంటుంది, దూది పెట్టుకుని రండి. కానీ రండి." ఎవరో కిసుక్కుమన్నారు. పుష్పమ్మ తల దించుకుని ముసుగు సర్దుకుంది.

శుక్రవారం సిలువ మార్గానికి ముందు పీఠం మీద కొవ్వొత్తులు సరిచేస్తూ, నెల్సన్ ఫాదర్ గారి ముందు మోకరించడం ఎజ్రా గారి కంటబడింది. చూడనట్టే తిరిగి, వెలిగిన కొవ్వొత్తినే మళ్ళీ వెలిగించారు.

ఆ సాయంత్రం పాట జనానికంతా నచ్చిందని చెప్పలేం. సగంమంది చెవులు మూసుకున్నారు. నలుగురైదుగురు లేచిపోయారు. చివర్న మాత్రం మోతంతా ఆగి, నెల్సన్ గొంతు ఒక్కటే, వాడు లోపలికెళ్ళి మోకరించాడని పాడినప్పుడు, వెళ్ళబోతున్నవాళ్ళు కూడా ఆగారు. గుడి ఎదురింటి సూర్యకాంతం గారు అరుగు మీద నుంచే విన్నారు. "బాగుందండీ మీవాడి పాట. మధ్యలో లోపలికెళ్ళి పాలు కాచుకొచ్చాను, ఇంకా అదే మాట మీద ఉన్నాడు" అన్నారు ఎజ్రా గారితో.

జనం వెళ్ళాక సౌండు బాక్సు ఆటో దాకా మోయాల్సి వచ్చింది. ఎజ్రా గారు పంచె ఎగ్గట్టి ఒకవైపు పట్టుకున్నారు.

"మెల్లగా నాన్నగారూ, నడుం జాగ్రత్తండి."

"నీ పాటకన్నా మెల్లగా నడవడం నావల్ల కాదు గానీ, పదరా" అన్నారాయన.