సియా పిడికిలి

జల్లెడలో నీళ్ళు తిరిగే చప్పుడు.

గుండ్రంగా... మెత్తగా... ఏరు కంకరను జోకొడుతున్నట్టు.

కోంబా ఇంటి వెనకే ఆ ఏరు. అక్కడి గోతుల్లో ఇప్పటికీ ఎవరో ఒకరు వజ్రాల కోసం కంకర కడుగుతూనే ఉంటారు. ఆ చప్పుడు వింటే చాలు, అతని ముంజేతులు వాటంతటవే కదులుతాయి. మణికట్ల దగ్గర ఆగిపోతాయి.

అరచేతులు లేవు.

యుద్ధంలో పోయాయి. రాళ్ళ కోసం జరిగిన యుద్ధం. తుపాకులవాళ్ళు ఊరి మగవాళ్ళను ఏట్లోకి దింపి కంకర కడిగించారు. ప్రతి జల్లెడ తర్వాతా అరచేతులు చాపి చూపించాలి — ఏమీ దాచలేదని.

కోంబా చాపాడు.

ఏమీ లేదు.

అయినా రాయి తగ్గిందన్నారు.

అంతవరకే చెబుతాడు. ఎవరడిగినా అంతవరకే.

ఈ రోజు ఇల్లంతా, పేరు పెట్టే వేడుకకు పంచే కోలా గింజల వాసన. కూతురు యేయికి తొలి కాన్పు, ఆడపిల్ల. కోనో తెగవాళ్ళ ఇళ్ళలో తొలి ఆడబిడ్డ ఎప్పుడూ సియానే. పేరు ముందే వచ్చి కూర్చుంటుంది. ఇంటిపెద్ద బిడ్డను చేతుల్లోకి తీసుకుని, గడప దాటించి, సూర్యుడికి చూపించి, ఆ పేరుతో పిలవాలి.

ఇంటిపెద్ద కోంబా.

"మా తమ్ముణ్ణి పిలవండి," అన్నాడు గోడకేసి చూస్తూ. "నా చేతుల్లోంచి జారిపోతుంది."

భార్య ఫిండా కర్రపెండలం ఆకు కూర కలుపుతోంది. గరిటె ఆపలేదు.

"ఇన్నేళ్ళూ ముద్దలు కలిపి పెట్టాను ముసలోడా. ఒక్క మెతుకు జారనిచ్చావా? పిల్లనే జారవిడుస్తావా?"

"నీ ముద్ద ఏడవదు గదే."

"దాన్ని ఏడవనీ. నువ్వు ఏడవకుండా ఉంటే చాలు."

వాకిట్లో ఆడవాళ్ళు నవ్వారు.

యేయి లేచి వచ్చి, తండ్రి మోచేతుల వంపులో బిడ్డను ఉంచింది. తన చేతులు తీసేసుకుంది.

బరువు.

తడి కంకర బరువు కాదు... పాల వాసన వేసే బరువు.

బిడ్డ ఏడుపు మొదలుపెట్టింది. అతని ముంజేతులు కదిలాయి — గుండ్రంగా, మెత్తగా. అవి నేర్చిన ఊపు అదొక్కటే.

బిడ్డ ఊరుకుంది.

రాయిని మట్టిలో దాచింది దేవుడు. ఆ అరచేతుల్ని చేసిందీ దేవుడే. మరి ఆ రోజు ఆయన ఎటు చూస్తున్నాడు? ప్రతి ప్రార్థన చివరా కోంబా అడుగుతాడు, ఆయన మనసు నొచ్చుకోకుండా. జవాబు రాలేదు. ప్రార్థన మానలేదు.

గడప దాటాడు.

ఎండ. కళ్ళు చికిలించిన చిన్న ముఖం. గట్టిగా మూసిన పిడికిలి.

"ఏం తెచ్చావే, చూపించు!" పొరుగింటి ముసలామె నవ్వుతూ ఆ వేళ్ళు విప్పబోయింది.

కోంబా చప్పున పక్కకు తిరిగాడు.

"వద్దక్కా."

బిడ్డ చెవి దగ్గరకు వంగాడు.

"సియా... మూసుకునే ఉంచుకో తల్లీ. ఎవరికీ చూపించక్కర్లేదు."

పేరు పెట్టడం అయిపోయిందని కాసేపటిదాకా ఎవరికీ తట్టలేదు.

ఇంటి వెనక ఏట్లో జల్లెడ ఆగింది. అక్కడ ఎవరో గోతి యజమాని ముందు అరచేతులు చాపుతూ ఉండాలి.

కోంబా చేతులు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి —

గుండ్రంగా... మెత్తగా...